రైన్ నది వర్జీనియాకు వచ్చిన ఉదయం

ఈ ఉదయం రైన్ నది వర్జీనియాలో, మా డేరాల ముందు పారుతోంది. నిన్న అక్కడ మొక్కజొన్న చేను ఉండేది. నీళ్ళు ముట్టుకుని చూస్తాను. అదే చలి, అదే బురద వాసన. అనుమానం లేదు.

నేను జర్మనీ నుంచి వచ్చినవాణ్ణి. అక్కడ రాజు మీద తిరగబడి, ఓడిపోయి, ఈ నది దాటి స్విట్జర్లాండ్‌కు పారిపోయాను. నన్ను నమ్మి వచ్చిన కుర్రాళ్ళు చాలామంది దాటలేకపోయారు. ఇప్పుడు అమెరికా రెండుగా చీలి కొట్టుకుంటుంటే, బానిసత్వం వద్దన్న పక్షంవాళ్ళు నన్ను జనరల్‌ని చేశారు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు. నేను వెళ్ళలేదు కాబట్టి ఆ చోటే వచ్చింది.

మధ్యాహ్నంలోగా ఎదుటి కొండను పట్టుకోవాలని నాకు ఆజ్ఞ. కొండ నిండా ఫిరంగులు. నా సైనికులేమో రొట్టెలు కాల్చేవాళ్ళు, దర్జీలు. ‘దాడి’ అని నేను ఒక్క మాట అంటే సగంమంది తిరిగి రారు. అనకపోతే జర్మన్లు పిరికిపందలని పేపర్లు రాస్తాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నది మీద వంతెన కూడా వచ్చింది. దాని మొదట్లో స్విట్జర్లాండ్ కాపలాదారు బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఆనాడూ ఈయనే. మీసం కూడా నెరవలేదు.

“మళ్ళీ వచ్చావా ఎగ్బెర్టూ? రూలు తెలుసుగా, ఆయుధాలతో దాటనివ్వను.”

“యుద్ధం జరుగుతోందండీ.”

“జరగనీ. వంతెన వంతెనేగా.”

నా వాళ్ళు అప్పుడే వరుస కట్టి తుపాకులు బల్ల మీద పెడుతున్నారు. అవతలి ఒడ్డున కూడా ఒక బల్ల ఉంది, అక్కడా ఈయనే కూర్చున్నాడు. శత్రువులు తుపాకులతో పాటు కొరడాలు, సంకెళ్ళు అప్పజెబుతున్నారు. మా దర్జీ ఒకడు ఈల వేస్తున్నాడు. నా గుండెల మీంచి బరువు దిగిపోతోంది. దాచడమెందుకు, ఏడుపొస్తోంది.

నా వంతు వస్తుంది. కత్తి తీసి ఇస్తాను.

“ఇది సరేనయ్యా. గొంతులో ఉన్నదీ ఇయ్యి.”

దగ్గుతాను. ‘దాడి’ అన్న మాట ఆయన అరచేతిలో పడుతుంది. తడిగా, వెచ్చగా వణుకుతోంది. ఆయన దాన్ని గంప కింద వదులుతాడు. అక్కడ మిగతా జనరళ్ళ ఆజ్ఞలు కోడిపిల్లల్లా కిచకిచమంటున్నాయి.

వెనక నేల కదులుతుంది. తిరిగి చూస్తే కొండ. మోకాళ్ళదాకా తడిసి, ఫిరంగులన్నీ ఒడిలో వేసుకుని, వరుసలో నా తర్వాత నిలబడింది.

“నొప్పి పుడుతుందా అన్నా?” అని భయంగా అడుగుతుంది.

“లేదమ్మా, హాయిగా ఉంటుంది” అని పక్కకు జరిగి దారి ఇస్తాను.

కొండ వంగి, మొదటి ఫిరంగిని నిద్రపోయిన పసిబిడ్డను దించినట్టు బల్ల మీద పడుకోబెడుతుంది.