రౌటర్ చెప్పిన కబురు

ఇంట్లో ఏ కంప్యూటర్ ఎంత నెట్ వాడుతోందో, ఏ ఫోను ఎంత మింగుతోందో లారీలో కూర్చునే చూసుకునే వీలు దొరికింది నరేంద్రకు. రెంటచింతలలో ఇంటికి పెట్టించిన కొత్త రౌటర్‌తో పాటు వచ్చిన యాప్ అది. కొన్ని వస్తువులు కొందరి చేతికి దొరకకూడదు.

అతని భార్య శిరీష ఇంట్లోనే కంప్యూటర్ మీద ఫ్లెక్సీలు డిజైన్ చేసి మాచర్లలోని షాపుకు పంపుతుంది. ఒక్కో ఫైలూ బండెడు బరువు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుంది కదా. ఆమె కంప్యూటర్ నుంచి బయటికి పోయిన డేటా చూసి, ఎవడికో వీడియోలో కనబడుతోందని తీర్మానించుకున్నాడు.

ఆ పొద్దున నాపరాళ్ల లోడుతో నూజెండ్లకు బయల్దేరి, దారిలో వాట్సాప్‌లో ఫోన్ చేశాడు.

“నిన్న అంత డేటా ఎవడికి పంపావే?”

“షాపుకేనయ్యా. పెళ్లి ఫ్లెక్సీలు. కావాలంటే వాళ్లనే అడుగు.”

“అడిగి పరువు తీసుకోమంటావా? ఇయ్యాల్టి నుంచి నీకు నెట్టే లేదు పో.”

యాప్ తెరిచి ఆమె కంప్యూటర్‌నీ, ఫోన్‌నీ బ్లాక్ చేశాడు. ఆ ఫోనుకున్న ఆధారం వైఫై ఒక్కటే. రెండు ఖర్చులెందుకని సిమ్‌కు రీచార్జి ఎప్పుడో మానిపించాడు.

మే నెల రెంటచింతల. పొద్దెక్కేసరికి జనం తలుపులు మూసుకుని లోపల పడి ఉంటారు. వీధిలో కేకేసినా పలికే నాథుడుండడు.

మధ్యాహ్నం వినుకొండ దాటాక నరేంద్ర ఫోను మోగింది. బ్లాక్ చేసిన ఫోను వైఫై కోసం ప్రయత్నిస్తోందని యాప్ కబురు. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఆ తర్వాత మళ్లీ.

“వాడితో మాట్లాడకపోతే ఊపిరాడట్లా దీనికి,” అని పళ్లు కొరికాడు.

లోడు దించేసరికి కబుర్లు ఆగిపోయాయి. దారికొచ్చిందనుకున్నాడు. ఆ పూట హోటల్లో అన్నం కూడా రుచిగానే తోచింది, సిగ్గులేని నాలుకకి.

సాయంత్రం పక్కింటి సుబ్బులమ్మ ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావురా నరేంద్రా? బిందె కోసమని మీ ఇంటికి పోతే శిరీష గడప కాడ పడుంది. వడదెబ్బంట. నేనుండేది గోడవతలే, చిన్న అలికిడి కూడా రాలేదు. పిల్ల పోయిందిరా.”

అతను చేరేసరికి శిరీషను మంచం మీద పడుకోబెట్టారు. సుబ్బులమ్మ ఆమె ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“చానా గట్టిగా పట్టుకోనుంది. ఎవురికో చెయ్యబోయినట్టుంది.”

ఎవరికో. శవం ముందు నిలబడి కూడా ఆ మాటకు అతని అనుమానం లేచి కూర్చుంది. ఆ ఎవరో తేల్చుకోవాలనే, యాప్ తెరిచి బ్లాక్ తీసేశాడు.

మోగింది అతని ఫోనే. మధ్యాహ్నం నుంచి శిరీష ఫోనులో చిక్కుకుపోయిన మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి.

“ఏమయ్యా, కళ్లు తిరుగుతున్నయ్.”

“లేవలేకపోతన్నా.”

“గొంతు రావట్లా. సుబ్బులమ్మత్తకు ఒక్క ఫోన్ కొట్టు.”

పక్కనే నిలబడ్డ సుబ్బులమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ, “ఎవురిదిరా?” అని అడిగింది.