తొట్టెడు నీళ్ళు

నీళ్ళొచ్చే రోజు సుష్మను ఎవరూ లేపక్కర్లేదు. అబర్డీన్ బజార్ వెనక సందులో వాళ్ళింటి కుళాయి రోజు విడిచి రోజు, తెల్లవారకముందే ఒకసారి గుర్రుమంటుంది. ఆ చప్పుడుకి మణికుమార్ అటునుంచి ఇటు తిరిగి పడుకుంటాడు. అత్తగారు తాయారమ్మ మంచం మీంచే "సుష్మా, నీళ్ళు!" అని ఒక కేకేసి మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది. సుష్మ లేస్తుంది. డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, ఆఖరికి పప్పు వండే కుక్కరు కూడా నిండితే గానీ ఆమె నడుం ఎత్తదు. పెళ్ళయిన కొత్తలో ఇదొక పని అనుకుంది. ఆ ఇంట్లో ఎవరూ దీన్ని పనుల్లో కలపరని తెలిశాక, తనూ కలపడం మానేసింది.

ఆ అలవాటే ఆ రోజు ఆమె పరువు తీసింది.

ఆ రోజు ఆమె నిద్ర లేచింది ఇంట్లో కాదు. బజారుకు ఎగువన, ఇంగ్లీషు దొరల కాలంలో కట్టిన రెండంతస్తుల చెక్క బంగ్లాలో. దాని స్తంభాలూ మెట్లూ చాతం కోతమిల్లులో కోసిన ఎర్రటి పడౌక్ చెక్కతో చేసినవి. సునామీ ముందు వచ్చిన భూకంపానికి పక్కనున్న సిమెంటు మేడ బీటలు వారింది గానీ, ఈ బంగ్లా కాసేపు ఊగి ఊరుకుందని ఊళ్ళో చెప్పుకుంటారు. దాన్నొక సేఠ్ కొని హోటలు చేశాడు. గదులు తక్కువ, అద్దె ఎక్కువ. ఇంకా తెరవలేదు. పనివాళ్ళకు చెయ్యి అలవాటవడం కోసం, తనకు పని చేసిపెట్టిన కాంట్రాక్టర్లను భార్యలతో వచ్చి రెండు రోజులు ఉచితంగా ఉండమన్నాడు.

"ఊళ్ళో సొంతిల్లు పెట్టుకుని హోటల్లో పడుకోవడమేంటండీ?" అంది సుష్మ.

"జన్మలో ఇలాంటి గదిలో పడుకున్నావా? ఉన్నవాటిల్లో మంచి చీర సర్దుకో. అక్కడ మాత్రం షాపు మాటలు మాట్లాడకు," అన్నాడు మణికుమార్.

షాపు మాటలు తప్ప ఆమెకు వేరే మాటలేవి? అతను సునామీ తర్వాత షెడ్లు కట్టే కాంట్రాక్టుల్లోకి దిగినప్పట్నుంచీ కిరాణా షాపు నడిపేది ఆమే. బోర్డు మీద పేరు మాత్రం మామగారిది. ఈ దీవికి ఓడలో వచ్చిన బియ్యం బస్తాని వేలితో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని, సముద్రపు నీళ్ళు తగిలాయో లేదో ఇట్టే చెప్పేస్తుంది. తగిలిందంటే దించుకోదు. ఏజెంటు ఎంత మంచివాడైనా, ఎన్ని ప్రమాణాలు చేసినా, సరుకు చూడకుండా దించుకోవడం ఆమె చరిత్రలో లేదు. బజార్లో మగవాళ్ళు కూడా "సుష్మ దీదీ దగ్గర తడిసిన బస్తా చెల్లదు" అంటారు. ఆ ఒక్క మాట ఆమెకు ఒంటి మీద బంగారంతో సమానం.

హోటల్లో ఆ తెల్లవారుజామున కళ్ళు తెరవకముందే ఆమె చెవులు కుళాయి కోసం వెతికాయి. నీళ్ళ రోజని గుర్తొచ్చింది. ఎక్కడున్నదీ గుర్తు రాలేదు. లేచి, బాత్రూంలో తెల్లగా మెరిసే పొడుగాటి టబ్బు చూసి, ఇంత పెద్ద తొట్టి ఖాళీగా ఉందేమిటని కంగారుపడి, అడుగున మూత బిగించి కుళాయి తిప్పింది. టబ్బు నిండింది. టీ కాచుకునే కేటిల్ నిండింది. గాజు కూజా, గ్లాసులు నిండాయి. ప్లాస్టిక్ చెత్తబుట్టను సబ్బుతో తోమి అదీ నింపింది. అప్పటికి పూర్తిగా మెలకువ వచ్చింది. చేతిలో చెత్తబుట్టతో, తడిసిన మంచి చీరతో, నిలువుటద్దంలో తనకు తనే కనబడింది.

టీ తెచ్చిన చాందిని అనే గదులు సర్దే పిల్ల అది చూసి పెదవి కొరుక్కుంది. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మణికుమార్ లేచి చూసి, "ఛీ, నిన్ను తీసుకురావడం నాదే తప్పు," అన్నాడు. "అంతా ఖాళీ చెయ్. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

ఎవరూ చూడలేదు. అతనే చెప్పాడు. కింద వరండాలో టిఫిను దగ్గర, సేఠ్ ముందు, తక్కిన కాంట్రాక్టర్లూ వాళ్ళ భార్యలూ వింటుండగా.

"సేఠ్‌జీ, మీ హోటల్లో నీళ్ళకిక కరువు లేదు. మా ఆవిడ ఇంతజామ్ చేసేసింది! టబ్బు నింపేసింది, కేటిల్ నింపేసింది, చెత్తబుట్టని కూడా వదల్లేదు!"

అందరూ నవ్వారు. సేఠ్ కళ్ళు తుడుచుకుంటూ, "భాభీజీ, ఇధర్ చౌబీస్ ఘంటే పానీ హై. ఇరవైనాలుగ్గంటలూ నీళ్ళే. బేఫికర్‌గా పడుకోండి," అన్నాడు. మణికుమార్ భుజం తట్టి, "మీ పతి ఉండగా మాకు నీళ్ళ ఫికర్ ఏంటి?" అని కూడా అన్నాడు. ఆ మాట అప్పుడామె చెవికి ఎక్కలేదు. ఆమె కూడా నవ్వుతోంది. అందరికంటే గట్టిగా, ఆఖరుదాకా నవ్వింది తనే. అవమానం తొందరగా వదిలించుకోవాలంటే అంతకన్నా చౌక బేరం లేదని కాపురం ఆమెకు నేర్పింది. పక్కనే కూర్చున్న ఒకావిడ మాత్రం నవ్వలేదు. టేబుల్ కింద సుష్మ మోకాలి మీద చెయ్యి వేసి, మెల్లగా, "నేనూ బకెట్టు నింపాను," అంది.

టబ్బు ఖాళీ చెయ్యడానికి సుష్మ ఒక్కతే పైకొచ్చింది.

నీళ్ళు తేరుకున్నాయి. తెల్లటి టబ్బు అడుగున, ఒక పక్కకి, ఇటుక రంగు మట్టి సన్నగా గీత గీసినట్టు పేరుకుంది. మూత పీకబోయిన చెయ్యి ఆగిపోయింది. ఆ ఎరుపు ఆమెకు తెలుసు. తుష్నాబాద్‌లో అమ్మ కాసులమ్మ ఇంటి వెనక డ్రమ్ములో రోజూ అడుగున చేరే మట్టి అది. చిన్నప్పుడు దాన్ని వేలితో తీసి చెల్లెలు లేని లోటుకి బొమ్మకు బొట్టు పెట్టేది. సుష్మ దోసిట్లో నీళ్ళు తీసుకుని ఒక గుక్క తాగింది. తియ్యటి నీళ్ళు. మింగాక నాలుక చివర ఇనుప గరిటె తగిలినట్టు ఒక చిన్న రుచి.

ఉప్పు లేదు. ఎక్కడా లేదు.

సునామీ నాడు సముద్రం వాగులోంచి ఎదురెక్కి తుష్నాబాద్ వరిచేలను ముంచింది. మునిగినవాటిల్లో కొన్ని మళ్ళీ తేలలేదు. నేలే కుంగిపోయిందన్నారు. పల్లంలో నూతులన్నీ ఉప్పెక్కాయి. గట్టు మీద నాన్న గవరయ్య తవ్వించిన నుయ్యి ఒక్కటే తియ్యగా మిగిలింది. అప్పటికి నాన్న లేడు. అమ్మ నూతి చప్టా మీద ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చేద అందించింది. పొలం గట్టు తగాదాలో నాన్న మీద చెయ్యి చేసుకున్నవాడి పెళ్ళానికి కూడా. సుష్మ కోప్పడితే, "నుయ్యి మీ నాన్న తవ్వినాడు గానీ, నీళ్ళు ఆడు పోసినాడేటే?" అంది.

అమ్మ పోయాక నేల సుష్మ పేరు మీదికొచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగింది మణికుమార్. ఒకరోజు షాపుకొచ్చి, "మీ నుయ్యి కూడా ఉప్పెక్కిపోయింది. సముద్రం అడుగునించి పాకింది. చుట్టూ కంచె వేయిస్తాను. ఏ పిల్లో పడితే కేసు మన మీదకొస్తుంది. ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు. ఆమె బెల్లం తూస్తోంది. చెయ్యి తుడుచుకుని పెట్టేసింది. చదవబోతే, "నాకంటే నీకు ఎక్కువ తెలుసా?" అన్నాడు. అమ్మ నుయ్యి కూడా చచ్చిపోయిందని ఆ రాత్రి ఏడ్చింది కూడా.

తడిసిన బస్తా కాని బస్తాని తడిసిందని నమ్మింది. వేలు పెట్టి చూడలేదు. ముక్కు దగ్గర పెట్టుకోలేదు. ఏజెంటు మాట నమ్మనిది, ఇంట్లో మాటని తూకం వెయ్యలేదు.

అంతవరకైతే మోసపోయిందని సరిపెట్టుకోవచ్చు. కానీ అసిరమ్మ వచ్చిన రోజు గుర్తొచ్చింది. 

పోయిన ఎండాకాలం, షాపు నిండా జనం ఉన్నప్పుడు వచ్చింది అసిరమ్మ. తుష్నాబాద్‌లో అమ్మకు పక్కిల్లు, అమ్మకు చెయ్యి సాయం. సుష్మకు పిన్ని వరస.

"పాపా, నూతికి తాళం ఏసీసినారు. ఓపాలి నువ్వొచ్చి సూడు," అంది.

"ఉప్పునీళ్ళ నూతికి తాళమేస్తే నీకేంటి పిన్నీ నష్టం? ఉప్పు కావాలంటే ఇక్కడ కొనుక్కో!" అంది సుష్మ. షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఉప్పని ఎవులు సెప్పినారు?"

"మా ఆయన చూసొచ్చాడు."

"నువ్వు సూసినావా?"

సుష్మ వెనక అలమర వైపు తిరిగింది. చేతికందిన బిస్కెట్ పాకెట్టు తీసి ఆమె చేతిలో పెట్టింది. అడుక్కునేవాళ్ళు గుమ్మం దగ్గర ఎక్కువసేపు నిలబడితే పంపించడానికి పెట్టినట్టే. అసిరమ్మ ఆ పాకెట్టును తిప్పి చూసి, తూకం పళ్ళెంలో పెట్టి వెళ్ళిపోయింది.

కిందనుంచి మోటారు చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూస్తే బంగ్లా వెనక సందులో నీళ్ళ ట్యాంకరు. పైపు తగిలిస్తున్నది మల్లేశు, మణికుమార్ దగ్గర ఎప్పట్నుంచో ఉన్న డ్రైవరు. సుష్మ పనివాళ్ళ మెట్ల మీదుగా దిగింది.

"నమస్తే దీదీ! హోటల్లో మజా చేస్తున్నారంట కదా," అని నవ్వాడు మల్లేశు.

"ఈ నీళ్ళెక్కడివి?"

"ఎక్కడివేంటి దీదీ, మీ అమ్మగారి నూతివే. మీకు తెలీదా?"

"తెలుసు. ఎందుకు తెలీదు?" అంది. తెలీదని డ్రైవరు ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. మొగుడు తన ఆస్తిని తనకు చెప్పకుండా అమ్ముకుంటున్నాడంటే పోయేది మొగుడి పరువు కాదు, తనది.

ఆ మాటతో మల్లేశుకు నోరు విప్పడం సులువైంది. "పొద్దున ట్యాంకరు నింపుతుంటే గేటు బయట ఆడాళ్ళు బిందెలతో లైన్లో నిలబడతన్నారు దీదీ. ఒక్క బిందె ఇయ్యరా మల్లేశూ అంటారు. ముసలమ్మైతే రోజూ తిట్టి పోతది. నాకూ బాధే. కానీ ఏం చేస్తాను? మీ ఆర్డర్ కదా."

"నా ఆర్డరా?"

"భయ్యా అదే చెప్పాడు. అమ్మగారి ఆస్తి, ఎవులూ ముట్టుకోకూడదని దీదీ గట్టిగా చెప్పిందని. ఆళ్ళకీ అదే చెప్పాను."

సుష్మ ట్యాంకరు మీద చెయ్యి ఆనించింది. లోపల చల్లటి నీళ్ళున్న రేకు. అమ్మ చేద అందించిన ఊళ్ళో, బిందె పట్టుకుని వచ్చిన ప్రతి ఆడదీ రోజూ పొద్దున తన పేరు చెప్పుకుని ఖాళీగా తిరిగిపోతోంది. తను బజార్లో సంపాదించుకున్న పేరంతా ఒక పక్క, ఇది ఒక పక్క. పళ్ళెం ఎటు ఒరిగిందో చూడక్కర్లేదు.

"నూతి గేటు తాళంచెవి ఇయ్యి."

మల్లేశు తల గోక్కున్నాడు. "భయ్యాకి ఫోన్ చేసి..."

"ఎవరి ఆర్డర్ అన్నావు?"

"మీదే దీదీ."

"మరి ఇయ్యి."

గదిలోకి వచ్చేసరికి మణికుమార్ అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. "టబ్బు ఖాళీ చేశావా?"

"లేదు. ఇవి మా నూతి నీళ్ళు."

దువ్వెన ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "అయితే ఏంటి? నువ్వు సంతకం పెట్టింది ఈ నీళ్ళ కాంట్రాక్టుకే. నేల నీ పేరు మీదే ఉంది కదా, ఎవడూ ఎత్తుకుపోలేదు. డబ్బు వచ్చేది మన ఇంటికే."

"నా పేరు ఎందుకు చెప్పారు?"

"నీ పేరు చెప్తే ఎవరూ ఎదురు మాట్లాడరు. కాసులమ్మ కూతురివి."

"మన ఇంటికి ఒక్క ట్యాంకరైనా పంపించారా? నేను చీకట్లో లేచి కుక్కర్లో కూడా నీళ్ళు పడుతుంటే?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అమ్ముకునే సరుకు ఇంట్లో వాడుకుంటామా? షాపు నడిపేదానివి, నీకు నేను చెప్పాలా?" అని జేబురుమాలు మడిచి పెట్టుకున్నాడు. "మధ్యాహ్నం సేఠ్ భోజనానికి పిలిచాడు. ఏడుపు మొహం వేసుకుని రాకు. కడుక్కుని రా."

అతని మాటలో తప్పు పట్టడానికి ఆమెకేమీ దొరకలేదు. ఇంట్లో నూకలు వండి, షాపులో సన్నబియ్యం అమ్మేది తనే. ఈ బేరంలో సరుకు నీళ్ళు, లాభం అతనిది. తన పేరు బస్తా మీద గుద్దే ముద్ర.

టబ్బు దగ్గరికి వెళ్ళి, రెండు దోసిళ్ళ నీళ్ళతో మొహం కడుక్కుంది. మూత పీకలేదు. తాళంచెవి కొంగున ముడేసుకుని మెట్లు దిగింది. వరండాలో సేఠ్ "భాభీజీ, ఎక్కడికి?" అంటే, "షాపు పని," అంది.

చాతంలో బంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీ పడవ ఎక్కింది. అవతల బస్సు పట్టుకుంది. దారిపొడుగునా ఒకే మాట కట్టుకుంటూ వచ్చింది: 'నాకు తెలీదు పిన్నీ. నాకు చెప్పలేదు. నన్నూ మోసం చేశాడు.' అందులో అబద్ధం లేదు. అది చెప్తే అసిరమ్మ తనని దగ్గరికి తీసుకుంటుంది, ఇద్దరూ కలిసి ఏడవొచ్చు. కోపమంతా మణికుమార్ ఖాతాలోకి పోతుంది, తన వైపు ఏమీ మిగలదు.

గట్టు మీద ఇనప కంచె, గేటు. గేటుకు పెద్ద తాళం. ఆమె తాళం తీస్తున్న చప్పుడుకి పక్కింటి గుమ్మంలోకి అసిరమ్మ వచ్చింది. వెనక మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. ఎవరూ గుమ్మం దిగలేదు. సుష్మ గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, రాయి అడ్డం పెట్టింది. తాళం సంచిలో వేసుకుంది. పారేయడానికి మనసొప్పలేదు, మంచి తాళం. నూతి మీద ట్యాంకరు నింపే పైపు ఊడదీసి పక్కన పడేసింది. అమ్మ కూర్చున్న చప్టా మీద నాచు పట్టింది.

అసిరమ్మ బిందె లేకుండానే దగ్గరికొచ్చి నిలబడింది. సుష్మ ఫోను సంచిలో మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. ముసలిదాని కళ్ళు ఆ సంచి మీదకీ, సుష్మ మొహం మీదకీ తిరిగాయి. ఆమెకు కొంత అర్థమైనట్టుంది. గొంతు మెత్తబడింది.

"పాపా, నిజం సెప్పు. ఇదంతా నీకు తెలకుండా జరిగినాదా?"

దారంతా కట్టుకొచ్చిన మాట నాలుక మీదే ఉంది. సుష్మ చప్టా పక్కన పడున్న చేద తీసి నూతిలోకి వదిలింది. అది నీళ్ళకు తగిలిన చప్పుడు విని, తాడు చేతికి చుట్టుకుంది.

"నువ్వొచ్చి చెప్పావు కదా పిన్నీ," అంది. "తెలీకపోవడమేంటి?"