ఎనిమిది తూములు

పైన గోడ అంచు మీద సోమ్లి దారం కొస పట్టుకుని వంగి చూస్తోంది. కింద సందులో సంసోను మేస్త్రి, దారానికి వేలాడుతున్న ఇనుప గుండు ఊగడం మానేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. గుండు నిలిచింది. గోడ మొదట్లో గుండుకూ కాంక్రీటుకూ నడుమ వేళ్లు పెట్టి చూశాడు. రెండు వేళ్లు పట్టాయి.

పన్నెండు రోజుల కింద కాంక్రీటు పోతకు బిగించిన సెంట్రింగు రేకులు విప్పిన పూట, ఇదే చోట దారం గోడను రాసుకుంటూ దిగింది.

"ఇంకో రెండు బారలు అటు జరుగు" అన్నాడు. అక్కడా అంతే. గోడ నడిమికి వచ్చేసరికి మూడో వేలు కూడా దూరబోయి ఆగింది.

"ఏమైంది మేస్త్రీ?" అంది సోమ్లి.

సంసోను గోడ మొదలు వైపు వంగాడు. గోడ కట్టినప్పుడే అడుగు ఎత్తున వరసగా ఎనిమిది ప్లాస్టిక్ పైపులు పెట్టాడు. వెనక మట్టిలో చేరిన నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన తూములవి. ఒక్కొక్కదాంట్లో వేలు పెట్టి చూస్తూ చివరిదాకా నడిచాడు. మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. కొత్తగూడెం రోడ్ల మీద గుంటలన్నీ నిండాయి. తూములు మాత్రం పొడిగా ఉన్నాయి.

ఊరి చివర గుట్టను చెక్కి వేసిన కాలనీ అది. మెట్లు మెట్లుగా ఇళ్లు. పై ఇంటివాళ్ల పెరడు సగం గాలిలో ఉన్నట్టే ఉంటుంది. గోడ కట్టి మట్టి పోస్తే గాని కాలు పెట్టడానికి చోటు ఉండదు. పాతికేళ్లుగా సంసోను పని అదే. ఇల్లు కట్టిన మేస్త్రికి గృహప్రవేశం రోజున బట్టలు పెడతారు. పెరటి గోడ కట్టినవాణ్ణి ఎవరూ పిలవరు. అతను ఆశించనూ లేదు. యాభై నాలుగేళ్ల మనిషి, పొట్టిగా ఉంటాడు. సిమెంటుకు గోళ్లు సగానికి అరిగిపోయాయి. మాట ఎంత మెల్లగా ఉంటుందంటే, పద్దెనిమిదేళ్లుగా అతని దగ్గర సిమెంటు మాలు కలుపుతున్న సోమ్లి కూడా ఒక్కోసారి "ఏందీ?" అని మళ్లీ అడుగుతుంది.

ఆ మెల్లదనమే ఇప్పుడు అతన్ని గుచ్చుతోంది. తూముల వెనక ముందు కంకర పోయాలని, ఆ తర్వాతే కొంచెం కొంచెంగా మట్టి నింపాలని ఇంటాయన చందర్‌కు చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు. చందర్ ఫోన్ మాట్లాడుతూనే తల ఊపాడు. ఆదివారం సంసోను చర్చిలో ఉండగా నాలుగు ట్రాక్టర్ల చెరువు మట్టి వచ్చి పడింది. సోమవారం అది చూసి కూడా అతను గట్టిగా ఏమీ అనలేదు. "అయ్యో సారూ" అన్నాడంతే.

మెట్ల దారిన పైకి వెళ్లాడు. పెరడంతా నల్లమట్టితో చదునుగా ఉంది. గోడకు మూడడుగుల దూరంలో, గోడ పొడుగునా నేల మీద సన్నగా బీట వారింది. సంసోను కూర్చుని అందులో చిటికెన వేలు పెట్టాడు. వేలు మొత్తం లోపలికి పోయింది.

"సోమ్లీ, మాలు కలపకు" అన్నాడు లేస్తూ.

చందర్ వరండాలో గడ్డం గీసుకుంటున్నాడు. ఆఫీసులో గుమాస్తా. బేస్తవారం నాడు కూతురు హర్షితకు ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాడు. ఆ తొందరలోనే మట్టి పోయించాడు.

"సారూ, గోడ వంగింది. కింది ఇల్లు ఖాళీ చేయించాలె."

"కొత్త గోడ ఎట్ల వంగుతది సంసోనూ? గట్టిగనే కట్టినవు గదా?"

"గట్టిగనే కట్టిన. నీళ్లు పోయే తొవ్వ మూసుకపోయింది. ఎన్క మట్టంత నీళ్లు తాగి ఉబ్బింది. అది తీసెయ్యాలె, ఇప్పుడే."

"ఇప్పుడా? పదింటికి షామియానావాళ్లు వస్తరు. ఫంక్షన్ కానీ, శుక్రవారం చూద్దాం తియ్."

ఇలాంటి మాట విన్నప్పుడు సంసోను ప్రతిసారీ చేసేది ఒకటే. తల దించుకుని తన పాదాలు చూసుకుంటాడు. ఈసారీ చూసుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

"కింద పిచ్చయ్యన్న మంచం మీదున్నడు సారూ! లేవలేడు! గోడ పడితే ఆ ఇంటి మీదనే పడతది!"

ఆ కేకకు లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. హర్షిత జడ సగం అల్లుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చందర్ సగం గీసిన గడ్డంతోనే పెరట్లోకి నడిచి, బీట దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అతనూ వేలు పెట్టి చూశాడు. గబుక్కున లేచాడు.

"మనుషులు ఎంతమంది కావాలె?" అన్నాడు.

"దొరికినంతమంది. తీసిన మట్టి ఎగువకు పొయ్యాలె. గోడ దగ్గర గంప కూడ దించొద్దు."

కింది ఇంట్లో పిచ్చయ్య భార్య ఉప్పలమ్మ కదలనంది. "వానలో ముసలాయన్ని యాడికి తీస్కపోను తమ్మీ? జల్లు తగిల్తే దగ్గు ఆగదు."

"బడి వరండాలో పెడదాం అక్కా. సాయంత్రానికి మళ్లీ తెచ్చుకుందువు."

వెనక గదిలో నులక మంచం మీద పిచ్చయ్య కళ్లు తెరిచే ఉన్నాడు. ముప్ఫై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. ఇప్పుడు డొక్కలు ఎగరేస్తే తప్ప ఊపిరి అందదు. సంసోను ఆయన ఎదుటికి రావడం చాలా అరుదు. సందులో ఇన్ని రోజులు పనిచేసి కూడా కిటికీ వైపు చూడకుండానే తిరిగాడు.

సంసోను తండ్రి కూడా బాయిలోనే చేసేవాడు. ఆయన జ్వరంతో చనిపోతే ఆ ఉద్యోగం కొడుకుకు వచ్చింది. అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. మొదటి రోజు బాయిలోకి వెంట తీసుకుపోయింది పిచ్చయ్యే. లోపల ఒకచోట ఆగి, కర్రతో పైకప్పు మీద తట్టి, చెవి వొగ్గి విన్నాడు. "గుల్ల మోత వస్తే కప్పు పడతది, ఉరకాలె, గుర్తుంచుకో" అన్నాడు. మోత ఎలాంటిదో సంసోనుకు తెలియలేదు. తల మీద ఉన్న మట్టి బరువంతా ఒక్కసారిగా తెలిసింది. దీపం అక్కడే పడేసి పైకి ఉరికాడు. మళ్లీ దిగలేదు. ఆ ఉద్యోగం తమ్ముడు జోయెల్ చేశాడు, కంపెనీ క్వార్టర్‌లో పిల్లల్ని పెంచాడు. సంసోను తల మీద సిమెంటు గమేళాలు మోస్తూ కాంక్రీటు పని నేర్చుకున్నాడు. బాయికి భయపడ్డ సంసోను అంటేనే చాలా ఏళ్లు జనం ఆనవాలు పట్టేవారు.

నలుగురు మంచం ఎత్తారు. గుమ్మం దాటేటప్పుడు పిచ్చయ్య చెయ్యి చాచి సంసోను మణికట్టు పట్టుకున్నాడు.

"సందులో ఎవరుంటరు?"

"నేనే అన్నా. తూములు పొడవాలె."

పిచ్చయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. "చప్పుడైతే ఉరుకు. ఆలోచన చెయ్యకు. ఆ రోజు ఉరికినవు చూడు, గట్ల. అండ్ల తప్పేం లేదు."

ముప్ఫై మూడేళ్లలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. సంసోను మంచం కోడు సరిగా పట్టుకోమని వెనకవాళ్లను కసిరాడు.

సందు రెండు బారల వెడల్పు. ఒకవైపు ఖాళీ ఇల్లు, ఇంకోవైపు తన గోడ. సుత్తితో కొడితే గోడ అదురుతుంది. అందుకని ఆరడుగుల ఇనుప చువ్వను తూములో పెట్టి, రెండు చేతులా తిప్పుతూ నెట్టాలి. చువ్వ మొనకు తగిలేది మెత్తని మట్టో గట్టి మట్టో అరచేతికే తెలుస్తుంది. సోమ్లి కూడా ఒక చువ్వ పట్టుకుని దిగబోయింది.

"నువ్వు పైన ఉండు. బీటను చూస్తుండు. పెద్దగైతే అరువు."

"నువ్వొక్కడివే చేస్తవా?"

"చోటు లేదు ఇద్దరికి" అన్నాడు. చోటు ఉంది.

మొదటి తూముకు గంట పట్టింది. మొన మీద జిగురుమట్టి ముద్దలా వచ్చి, చెంచాడు బురదనీళ్లు కారి, మళ్లీ మూసుకుపోయింది. రెండోదీ అంతే. పైన పారల చప్పుడు, గంపలు ఎగువకు పోతున్న అడుగుల చప్పుడు. పదకొండింటికి వాన మళ్లీ మొదలైంది. మూడోదాన్ని తిప్పుతుండగా ఎడమ భుజంలో పోటు పుట్టి మోచేతిదాకా దిగింది. చువ్వ తిప్పినందుకే అనుకుని చెయ్యి విదిలించుకున్నాడు.

నాలుగో తూము దగ్గర, గోడ లోపలెక్కడో కిర్రుమంది.

ఆలోచించలేదు. సందు చివర వేపచెట్టు దగ్గరికి వచ్చాక గాని తను ఉరికినట్టు అతనికి తెలియలేదు. పైనుంచి చూస్తున్న కూలీల్లో ఎవరూ నవ్వలేదు. సోమ్లి గోడ మీంచి వంగి, "బీట అంతే ఉంది మేస్త్రీ!" అని అరిచింది.

సంసోను చెట్టును పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఇంటికి పోవచ్చు. ఇల్లు ఖాళీ అయింది, మనుషులు బతికారు, ఇక గోడ పడితే పడుతుంది. అయినా ఆ చువ్వ నాలుగో తూములోంచి బయటికి పొడుచుకుని అలాగే ఉంది. ఉప్పలమ్మ గది తలుపు తెరిచే ఉంది. లోపల ఉట్టి, గోడకు పటాలు, చాప కనిపిస్తున్నాయి.

వెనక్కి నడిచాడు. చువ్వను రెండు చేతులా పట్టి తిప్పాడు. ఇంకా తిప్పాడు. అరచేతుల కింద మట్టి పట్టు సడలింది. చువ్వను లాగేశాడు. నల్లటి నీళ్లు అతని తొడల మీద కొట్టి, ఎదుటి గోడ దాకా చిమ్మాయి. లోపల కుదించుకుపోయి ఉన్నదేదో వదులైనట్టు గుడగుడమని చప్పుడు వచ్చింది. ఇక ఐదోది పావుగంటలో తెరుచుకుంది. ఆరు, ఏడు, ఎనిమిది అయ్యాక మొదటి మూడింటినీ మళ్లీ పొడిచాడు.

మూడింటికి పైన సగం మట్టి ఎగువకు చేరింది. సంసోను మళ్లీ గుండు దింపించాడు. అవే రెండు వేళ్లు. గోడ నడుమ మూడో వేలు దూరబోయి, పొద్దుట ఆగినచోటే ఆగింది. గంట ఆగి ఇంకోసారి చూశాడు. అంతే. వంగిన గోడ వంగినట్టే నిలబడింది.

"ఈ వంపు ఇంక పోదు సారూ" అన్నాడు చందర్‌తో. "కంకర పోసినాకనే మట్టి పొయ్యాలె. ఈసారి నేనుండంగనే పొయ్యాలె." మాట మామూలుకన్నా కొంచెం గట్టిగానే వచ్చింది.

"అట్లనే మేస్త్రీ" అన్నాడు చందర్. ఇన్ని రోజుల్లో అతను మేస్త్రీ అని పిలవడం అదే మొదలు.

వాన వెలిసి ఎండ పొడ వచ్చింది. తూముల నీళ్లు తేరుకున్నాయి. సంసోను బురద చొక్కా విప్పి, ఎనిమిదో తూము కింద పెట్టి పిండుకుని, పైకి తెచ్చి గోడ అంచు మీద ఆరేశాడు. గాలికి పోకుండా దాని రెండు చేతుల మీదా చెరో కంకరరాయి పెట్టాడు. ఇసుక కుప్ప మీద బనీనుతో వెనక్కి వాలాడు.

"సోమ్లీ, పిచ్చయ్యన్నను తోల్కరమ్మని చెప్పు. ఇంట్లనే పండుకోవచ్చని చెప్పు."

"చాయ్ తాగి పోతా. నీకూ తెస్తున్న."

"అవ్, తే. చక్కెర ఎక్కువెయ్యమను."

సోమ్లి చాయ్ తెచ్చేసరికి అతను కళ్లు మూసుకుని ఉన్నాడు. లేపబుద్ధి కాలేదు. గ్లాసు మీద మూత పెట్టి, పిచ్చయ్య మంచం తెచ్చే కూలీల వెంట బడికి వెళ్లింది. పిచ్చయ్యను గదిలో పడుకోబెట్టి, తూముల ధార చూపించి, తిరిగి వచ్చింది. చాయ్ చల్లారిపోయింది. "మేస్త్రీ" అని పిలిచింది. అతనెప్పుడూ మెల్లగానే పలికేవాడు గనుక, వంగి చెవి దగ్గరగా పెట్టి విన్నది.

ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారు. అప్పటికే గుండె ఆగి చాలాసేపయిందని డాక్టరు చెప్పాడు. సంసోను భార్య సంపూర్ణ బడిలో వంటగిన్నెలు తోముతూ ఉండగా కబురు వెళ్లింది. చందర్ ఫంక్షన్ వాయిదా వేసుకున్నాడు. శవపెట్టె మోసినవాళ్లలో అతనూ ఉన్నాడు. పిచ్చయ్య రాలేకపోయాడు. కిటికీ రెక్కలు తీయించుకుని, రోజంతా తూముల చప్పుడు వింటూ గోడ వైపే తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం సోమ్లి పారలూ గమేళాలూ తీసుకుపోవడానికి వచ్చింది. పెరట్లో కంకర కుప్ప దిగి ఉంది. గోడ అంచు మీద చొక్కా ఆరి బిరుసెక్కింది. దాని రెండు చేతుల మీదా రాళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.