ఆకలి గోళీ

రొట్టెలు లెక్కపెట్టి వడ్డించే నా కోడలు అంజమ్మ, గిన్నెడు మూలుగ బొక్కల పులుసు తెచ్చి ముందు పెడితే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? పోచమ్మకు మొక్కిన మేకను మేపినట్టు మేపుతున్నారు. ఎందుకో చెప్పరు. మేముండే ఈ ఒంటిగది ఖోలీ నా పేరు మీద ఉంది. కాగితం మీద వేలిముద్ర వేసేదాకా నా ప్రాణం నిలబెట్టాలనుకుంటున్నారేమో!

పెద్దాసుపత్రిలో నా కడుపులో క్యాన్సర్ గడ్డ ఉందన్నారు. గాజులు మోచేతి దాకా జారేంత చిక్కిపోయాను. మిల్లు సమ్మెలో పని పోయి ఇప్పుడు టాక్సీ తోలే నా కొడుకు బాలనర్సయ్య, ఒక్కడే డాక్టరు దగ్గరికి పోయి తెల్ల గోళీలు తెచ్చాడు.

"హార్మోన్ గోళీలవ్వా. మంచిగైతవు" అన్నాడు, గోడను చూస్తూ.

వాడు గోడను చూసి మాట్లాడితే అబద్ధమే. చిన్నప్పటి నుంచీ అంతే.

ఆకలి మాత్రం పిచ్చిగా వేసింది. ముఖం నిండింది. కామాటిపుర పన్నెండో గల్లీలో మా చాల్‌లోని పక్క ఖోలీల ఆడవాళ్లంతా వచ్చి "లక్ష్మవ్వ తేరుకుంది" అని దిష్టి తీసి పోయారు. నీరు పట్టిన పాదం మీద వేలితో నొక్కితే పడే గుంటను ఎవరూ చూడలేదు. పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుట్టినదాన్ని. వదులుగా చుట్టిన బీడీ కూడా లావుగానే కనిపిస్తుంది, నొక్కితేగాని లోపలేముందో తెలియదు. నేను బతుకుతానా లేదా, నాకు కావలసింది ఆ ఒక్క మాట.

మానేసి చూస్తే తెలుస్తుందని, గోళీ మింగినట్టు నటించి, బీడీల తంబాకు డబ్బాలో దాచడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకే ఆకలి చచ్చింది. పులుసు మట్టి వాసన కొట్టింది. ఆ ఆకలి నాది కాదన్నమాట, గోళీది.

డబ్బా మూత తీసి కొడుకు ముందు పెట్టాను.

"ఇవి రోగానికా, ఆకలికారా? నా దిక్కు చూసి చెప్పు."

వాడు చూశాడు. "ఆకలికేనవ్వా. రోగానికి ఇంక మందు లేదన్నరు. రెండు బుక్కలన్న తింటవని..." తలుపు దగ్గర అంజమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

ఖోలీ సంగతి అనుకున్నందుకు సిగ్గేసింది. భయం కూడా వేసింది, ఉన్నమాట చెప్పాలంటే. చావంటే నాకు చాలా భయం.

ఒక గోళీ తీసి, అంటిన తంబాకు కొంగుతో తుడిచి, వాళ్ల కళ్లముందే మింగాను.

"అంజమ్మా, ఇంత బువ్వ వెట్టు. ఆకలైతుంది" అన్నాను, గోడను చూస్తూ.