అక్షరదోషాలు మాత్రమే

ఆదివారం సాయంత్రం బేబి ఉల్లిపకోడీలకు పిండి కలుపుతోంది. ముందుగదిలో ఆమె భర్త నాగేంద్ర, హేతువాద సంఘం మిత్రులు నలుగురూ కూర్చుని, బైబిలు నమ్మేవాళ్లకు ఆలోచనాశక్తి ఉంటుందా అని వాదించుకుంటున్నారు. ఉండదని అందరిదీ ఒకటే మాట. మరి వాదన ఎవరితోనో ఆమెకు అర్థం కాలేదు.

బేబి రోలుగుంట హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆరేళ్ల కిందట రెండోసారి కడుపు పోయి ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్కమంచం సోమలమ్మ బైబిలు చదివి వినిపించింది. ఇంటికెప్పుడొస్తావు, అమ్మకి వంట కష్టంగా ఉందని నాగేంద్ర ఫోన్ చేసిన రోజులవి. అప్పటినుంచి బేబి చర్చికి వెళ్తోంది. స్కూలుకెళ్లే బస్సులో బైబిలు చదువుతూ, అర్థంకాని చోటల్లా పెన్సిలుతో ప్రశ్నార్థకం పెడుతోంది. మా ఇంటిదానికి బుర్ర పనిచెయ్యడం మానేసిందని నాగేంద్ర నలుగురిలో నవ్వుతాడు. కాలేజీలో తను పిల్లలకిచ్చే ఫిజిక్స్ ప్రశ్నపత్రంలో లెక్కలు సరిచూసేది మాత్రం ఆ బుర్రే. తల్లి దేవుడమ్మ అమావాస్యనాడు ప్రయాణం వద్దంటే టికెట్టు రద్దు చేసుకుంటాడు. అదేమంటే, అమ్మ మాట కాదనలేనంటాడు.

నాగేంద్ర వంటగదిలోకొచ్చి సంఘం కరపత్రం ప్రూఫు చేతిలో పెట్టాడు. "రేపు ప్రెస్సుకిచ్చీయాల. అక్షరదోషాలు సూడు సాలు. విషయం జోలికి ఎల్లకు, నీకు తెల్దు."

శనగపిండి చేతులు కడుక్కుని చదివింది. రెండో పేజీలో, బైబిలు వాక్యమంటూ కొటేషన్లలో పెట్టిన మాట చూసి ముందుగదిలోకి వెళ్లింది.

"ఈ మాట బైబిల్లో నేదండీ."

"ఎక్కడో ఉంటాదిలే. వాట్సాప్‌లో వచ్చింది."

"తీసి సూసినారా?"

"సూడక్కర్లేదు. అన్నీ అలాటివే ఉంటాయి అందులో."

"అయితే సూడకుండానే నమ్మినారు."

సంఘం అధ్యక్షుడు సూర్యప్రకాష్ గారు కళ్లజోడు తీసి తుడుచుకోసాగారు. నాగేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. పకోడీలు బేగి తెమ్మన్నాడు.

బేబికి పోయిన ఆదివారం గుర్తొచ్చింది. బైబిల్లో ఒకే మనిషి చావును రెండుచోట్ల రెండు రకాలుగా రాశారేమని పాస్టరు గారిని అడిగింది. ఆయనా పుస్తకం తెరవలేదు. సందేహం సాతాను పెట్టేదమ్మా అని, పులిహోర వడ్డించడానికి పంపేశాడు. నమ్మితే ఆలోచించలేవంటాడు ఈయన. ఆలోచిస్తే నమ్మనట్టే అంటాడు ఆయన. చివరికి ఇద్దరూ చెప్పేది వడ్డించమనే. ఎన్నాళ్లు వీళ్లతో?

ప్రూఫు బల్లమీద పెట్టింది. బైబిలు సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"పిండి కలిపుంది. మీరే ఏపుకోండి."

"ఎక్కడికి?"

"పాస్టరు గారింటికి. అడగాల్సింది ఒకటుంది."

"మరి ఎప్పుడొస్తావు?"

"ఆయన జవాబు సెప్పినాక."