వంకరగా పెట్టిన నిమ్మకాయ

కొత్త కారుకు పూజ చేయించినప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే పని ఎప్పుడూ ఆడదానిదే. పట్టుచీర కుచ్చిళ్ళు నేలకు ఆనకుండా ఒక చేత్తో ఒడిసిపట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, టైరు టైరుకీ ఒక కాయ సర్ది లేచి పక్కకు తప్పుకోవాలి. మగవాడు లోపల దర్జాగా కూర్చుని వాటిని తొక్కించుకుంటూ ముందుకు పోనిస్తాడు. చప్పట్లు అతనికే.

ఆ శుక్రవారం కోయంబత్తూరులో అమ్మవారి గుడి ముందు చారులత అట్లాగే నాలుగు కాయలూ పెట్టి లేచి నిలబడింది. ఆమె భర్త ముకుంద్ నల్లకళ్ళద్దాలు సర్దుకుని కారు కదిలించాడు. కదిలించడమా! కారు ఒక్క గెంతు గెంతి గుడి మొదటిమెట్టు ఎక్కి కూర్చుంది. ముందు బంపరు ఫెళ్ళున పగిలింది. పూలమ్మే ఆమె బుట్ట వదిలేసి పక్కకు దూకింది. ముకుంద్ దిగి, చొక్కా దులుపుకుని, అందరి వంకా చూసి అన్న మొదటిమాట ఇది:

"నిమ్మకాయ వంకరగా పెట్టినట్టుండాది ఈమె."

"నేనూ అదే సూస్తా ఉంటిని," అంది అత్త ధనభాగ్యం. "ఒక్క పని నేరుగా చెయ్యదు కదా!"

నిమ్మకాయ వంకరగా ఉంటే కారు మెట్టెక్కుతుందా? పూజారి తల ఊపాడు. చుట్టాలు తల ఊపారు. ఎందుకు ఊపరు? ఆ మాట అన్నవాడు మామూలువాడా? ప్రతి ఆదివారం తమిళ పత్రికలో కార్ల గురించి రాసే ముకుంద్! ఆయన ఫలానా బండి బాగుంది అని రాస్తే దిండిగల్ దాకా జనం పోయి కొనుక్కుంటారు. కారు సంగతి ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

చారులతకి తెలుస్తుంది. ఆ రాతలన్నీ ఆమెవి. మొదటి ఆదివారం నుంచీ, ఒక్క ముక్క మిగలకుండా అన్నీ ఆమెవే.

ఆమె తండ్రి పళనిసామికి టాక్సీల షెడ్డు ఉండేది. పొద్దున పోయిన బండి సాయంత్రం తిరిగొస్తే దాని టైరుకంటిన మట్టి చూసి అది ఏ ఊరు పోయొచ్చిందో చెప్పేది చిన్న చారులత. వీధి చివర మలుపు తిరుగుతుండగానే చప్పుడు విని ఏ బండో చెప్పేది. మీసాలు మొలవని అన్న అశ్విన్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు తిప్పించిన తండ్రి, ఆమె బండి తలుపు మీద చెయ్యేస్తే చాలు, "ఆడపిల్లకు ఏమిటికి కన్నా అదంతా? పో, నిమ్మకాయలు కడిగి తే," అనేవాడు. కడిగింది. ఎన్ని బండ్ల కింద పెట్టిందో! నడపనివ్వలేదు గనక రాయడం మొదలుపెట్టింది. బళ్ళో పెంపుడు జంతువు మీద వ్యాసం రాయమంటే అంబాసిడరు మీద రాసింది. అది పొద్దున్నే దగ్గడం, ఎండలో మొరాయించడం, కొండెక్కేటప్పుడు మూలగడం అన్నీ రాసింది. టీచరు నవ్వుతూనే ఆ వ్యాసం క్లాసులో అందరికీ చదివి వినిపించింది. తను రాసింది జనం చెవులప్పగించి వినడం చారులత ఆ రోజే మొదటిసారి చూసింది. ఆ రుచి ఇక పోలేదు.

పెళ్ళయ్యాక ముకుంద్ కార్ల షోరూములో మేనేజరుగా ఉన్నప్పుడు పత్రికవాళ్ళు ఏదన్నా రాసిమ్మని అడిగారు. రెండు వాక్యాలు రాసేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. "నీకు ఇదంతా తెలుసు కదా, సుమ్మా ఊరికే రాసిపెట్టు," అన్నాడు. రాసిపెట్టింది. అంతే, అది ఆమె పనుల్లో చేరిపోయింది. ఇడ్లీపిండి రుబ్బడం, అత్త కాళ్ళకు నూనె రాయడం, భర్త పేరుతో కార్ల మీద రాయడం.

నడిపి చూసి రాయమని కంపెనీ బండి వస్తే ఇద్దరూ కొండమీదికి పోయే మేట్టుపాళయం దారి పట్టేవాళ్ళు. పోకతోటలు మొదలయ్యాక తన సౌకర్యం కోసమే ఆమెకు నడపడం నేర్పిన ముకుంద్, స్టీరింగు వదిలేసి పక్కసీట్లో నిద్రపోయేవాడు. కొండ మలుపుల్లో బండి ఎక్కడ ఒరుగుతుందో, ఎక్కడ దమ్ము చాలదో ఆమె ఒంటికి తెలిసేది. తిరుగుదారిలో ఊరు దగ్గరపడగానే లేచి, "దిగు దిగు, ఎవరన్నా సూస్తారు," అనేవాడు. గాంధీపురం రద్దీలోకి మళ్ళీ ఆయనే హీరోలాగా నడుపుకుంటూ వచ్చేవాడు. ఆమె పక్కన కూర్చుని, ఇంకా వేళ్ళల్లోనే ఉన్న ఆ మలుపుల్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చేది. సన్మానాల్లో ఆయనకు కప్పిన జరీ శాలువాలన్నీ ఇప్పుడు బీరువా నిండా ఉన్నాయి. మడతపెట్టేది కూడా ఆమే.

ఈ ఏడు పత్రికవాళ్ళు ఆ రాతలన్నీ పుస్తకం వేస్తామన్నారు. మొట్టమొదటిసారి చారులత నోరు తెరిచి అడిగింది. "అట్టమీద మీ పేరు పక్కన నా పేరు కూడా వేయిద్దామా?"

ముకుంద్ పగలబడి నవ్వాడు. "ఆడది కారు గురించి రాస్తే ఎవడు కొంటాడు? నీకు ఏమి తక్కువ చేసినాను చెప్పు."

అప్పుడు కూడా ఊరుకుంది. కానీ గుడి ముందు, పగిలిన బంపరు సాక్షిగా, తను పెట్టిన నిమ్మకాయను దోషిని చేసినప్పుడు మాత్రం ఊరుకోలేదు. అన్నేళ్ళుగా మింగిందంతా ఒక్కసారి పైకొచ్చింది. నిన్ను వదలను, అనుకుంది. నా రాతతోనే నిన్ను కొడతాను. ఆ కసి ఎంత తియ్యగా ఉందో! దారంతా పక్కసీట్లో కూర్చుని దాన్ని చప్పరించుకుంటూ వచ్చింది.

సోమవారం ముకుంద్ అన్నాడు, "ఈ వారం మన కొత్త కారు గురించే రాసెయ్. పూజ అదంతా పెట్టు, జనాలకు నచ్చుతుంది."

రాసింది. వంటింటి గట్టు మీదే కూర్చుని, సాంబారు పొంగుతుంటే మంట తగ్గిస్తూ రాసింది. రాసి ఫోను ఆయన చేతికిచ్చింది.

"ఒకసారి చదివి పంపండి."

"సెరి సెరి."

"నిజంగానే చెప్తా ఉండాను. చదవండి."

"నువ్వు రాస్తే నేను చదివేది ఏమి ఉండాది?" అంటూనే పంపేశాడు. ఇన్నేళ్ళలో ఒక్కటీ చదవలేదు మహానుభావుడు. దాని మీదే ఆమె పందెం కాసింది.

బుధవారం పత్రిక నుంచి మధుమిత ఫోను చేసింది. అక్కడ ఆ పేజీ చూసే అమ్మాయి ఆమే. పొగడ్తలు ఇంటిల్లిపాదీ వినాలని ముకుంద్ ఎప్పుడూ స్పీకరు పెడతాడు. ఆ రోజూ పెట్టాడు. కాఫీ కలుపుతున్న చారులత చేతిలో చెంచా ఆగిపోయింది.

"సార్, ఈ వారం రాత... ఇది ఇట్లాగే వేసేయమంటారా? బాగా ఆలోచించుకునే పంపారా?"

ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా? నా రాతలో ఒక్క అక్షరం మార్చకూడదు. పంపింది పంపినట్టు వెయ్యాలి."

"కింద వెయ్యమన్న పేరు కూడానా సార్?"

"అన్నీ! పైనుంచి కింది దాకా!"

"మీలాంటివాళ్ళు అరుదు సార్," అంది మధుమిత.

"విన్నావా?" అని భార్య వైపు గర్వంగా చూశాడు. చారులత కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసింది. ఆ ఒక్కరోజుకి ఆయనకు తియ్యగా ఇద్దామనిపించింది.

ఆదివారం పొద్దున కొడుకు రాత చుట్టాలకు చదివి వినిపించడం ధనభాగ్యానికి పూజతో సమానం. అంతంత మాత్రపు చదువు. అక్షరం అక్షరం కూడబలుక్కుని పెద్దగొంతుతో చదువుతుంది, అర్థం తరవాత తీరిగ్గా తోస్తుంది. కొత్త కారు చూడవచ్చిన ఆమె చెల్లెలు సెల్లమ్మాళ్ పీట వేసుకుని కూర్చుంది. ముకుంద్ ఇంకా స్నానాల గదిలో ఉన్నాడు.

"నిమ్మకాయ పెట్టే ఎత్తునుంచి సూస్తే కారు వేరేగా తెలుస్తుంది," చదివింది ధనభాగ్యం. "సూస్తివా, నా కొడుకు ఎట్లా రాస్తాడో! మా నైనా షెడ్డులో బండి తాకే హక్కు లేని ఆడపిల్లను నేను..."

ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. సెల్లమ్మాళ్ ముందుకు వంగింది. "చదువు అక్కా!"

"ఇన్నేళ్ళూ మీరు చదివింది... నా రాత. నా పురుషుడు... పేరు మాత్రం ఇచ్చినాడు. మొన్న గుడి ముందర కారు మెట్టెక్కింది నిమ్మకాయ వల్ల కాదు. బ్రేకు అనుకోని యాక్సిలరేటరు తొక్కినాడు. దాంట్లో తప్పు లేదు, ఎవరికైనా అవుతుంది. తప్పు నా మీద వేసినాడు సూడండి..."

తల తుడుచుకుంటూ అప్పుడే వచ్చిన ముకుంద్ గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏమిరా, పెండ్లామేనంట రాసేది?" అంది సెల్లమ్మాళ్.

ఒక్క క్షణం. అంతే. ఎంతైనా కార్లు అమ్మినవాడు కదా! నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "అవును సిన్నమ్మా. చదివి, సెరి అని నేనే పంపినాను. ఆడవాళ్ళను మనమే కదా పైకి తేవాలి? దానికి పెద్ద మనసు ఉండాల."

"ఎంత మనసురా నీది!" సెల్లమ్మాళ్ కళ్ళొత్తుకుంది.

దీన్ని కూడా జేబులో వేసుకుంటాడని చారులతకి ముందే తెలుసు. అంత తెలియకుండానే ఇన్నేళ్ళు కాపురం చేసిందా?

"ఇంకా ఉండాది అత్తా," అంది మెల్లగా. "కడదాకా చదవండి."

ధనభాగ్యం కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది. మొదలుపెట్టింది మధ్యలో వదిలే అలవాటు ఆమెకు లేదు. వేలు వాక్యం మీద పెట్టింది.

"దీన్ని కూడా నా పురుషుడు చదవకుండానే పంపుతాడు. చదివే పంపినాను, నాది పెద్ద మనసు అని రేపు మీతో అంటాడు. నమ్మొద్దండి. వచ్చే ఆదివారం ఈ చోట ఆయనే, సొంతంగా, తన చేత్తో రాస్తాడు. తప్పకుండా చదవండి. ఇట్లు, పళనిసామి కూతురు చారులత."

సెల్లమ్మాళ్ కొంగు కళ్ళ దగ్గరే ఉండిపోయింది. "నువ్వు చదవనే లేదా?" అంది ధనభాగ్యం, కొడుకుతో, ఏళ్ళుగా తను చదివిన ఆదివారాలన్నీ గుర్తొచ్చినట్టు.

చారులత బీరువా తీసి, అన్నిటికన్నా జరీ ఎక్కువున్న శాలువా ఒకటి లాగింది. బయటికెళ్ళి కొత్త కారు ముందు అద్దం దానితో శుభ్రంగా తుడిచింది. మేకుకు వేలాడుతున్న తాళం తీసుకోవడానికి మళ్ళీ లోపలికొచ్చి, తెల్లకాగితాల కట్ట, పెన్ను భర్త ముందు పెట్టింది.

"నేను గాంధీపురం మీదుగానే పోతా ఉండాను, అందరూ సూడనీ. కాఫీ ఫ్లాస్కులో ఉండాది. కూర్చోని రాయండి."