గాల్లో ఇరుక్కున్న మా బావ

మా చెల్లెలి మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో సగం మందిని పైకి పంపింది తనేనని గొప్పలు పోయేవాడు. ఒకరోజు లిఫ్టు రాకముందే తలుపు తెరుచుకుంది. ఎవరితోనో మాట్లాడుతూ, అలవాటు కొద్దీ అడుగు లోపలికి వేశాడు. అప్పట్నుంచి ఛాతీ నుంచి తొడల దాకా పిండికట్టు, మెడకు పట్టీ. తల వంచడానికి లేదు, తిప్పడానికి లేదు. ఇల్లేమో నాలుగో అంతస్తు. ఆ భవనంలో లిఫ్టు పాడైంది. బాగుచేయగలిగిన ఒక్క మగాడూ మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగదు కాబట్టి కట్టు విప్పేదాకా బయటి మొహం చూసే యోగం లేదు. ఎముకల డాక్టరు అది ఎప్పుడో చెప్పడు.

కిటికీలోంచి కనబడేది ఎదురింటి గోడ. ఆ గోడ మీద ఎన్ని బల్లులున్నాయో, ఏది ఎవరికి కోడలో కూడా మా బావ చెప్పగలడు.

మా మేనకోడలు చూడలేక, తను ఆటలాడుకునే హెడ్‌సెట్ తెచ్చి తండ్రి మొహానికి తగిలించింది. చూడబోతే గానుగెద్దుకు గంతలు కట్టినట్టుంటుంది గానీ, లోపల ఆకాశమట. విమానం నడిపే ఆట. పొట్ట మీద కట్టుకి ఒక పళ్ళెం, దాని మీద కీబోర్డు. లిఫ్టుల ఆఫీసులో పారేసిన సరుకు అది, అక్షరాలన్నీ అరిగిపోయాయి. అయినా గంతలవాడికి అక్షరాలెందుకు. ఒక్కో కీ మీద ఒక్కోటి అంటించుకున్నాడు. రెక్కలకు అగ్గిపుల్ల ముక్క, వేగానికి గరుకు కాగితం, చక్రాలు దించడానికి చొక్కా గుండీ. చీకటి గోతుల్లో తీగలు తడుముకున్న చేతులు, వారంలో అలవాటు పడిపోయాయి.

ఆ ఆట ఆడేవాళ్ళకి ఒక సంఘం ఉంది. దానికి పెద్ద ఒక పళ్ళ డాక్టరు. కొత్తవాళ్ళు ఒంటరిగానే తిరగాలి. పరీక్ష నెగ్గితే ప్రతి ఆదివారం ప్రయాణికుల్ని ఎక్కించుకోవచ్చు. ప్రయాణికులంటే బొమ్మలు కాదు, ఎవరిళ్ళలో వాళ్ళు గంతలు కట్టుకుని వచ్చి కూర్చునే నిజం మనుషులు. మా బావకు కావలసింది వాళ్ళే. పరామర్శకు వచ్చేవాళ్ళు మొదటి నెలలోనే అయిపోయారు. నేనొక్కణ్ణే మిగిలాను, నా కథలు విని విని ఆయనకు చెవులకి కూడా పిండికట్టు వేయించుకోవాలనిపించి ఉంటుంది.

పరీక్ష రోజు నేను పక్కనే కుర్చీ వేసుకున్నాను. ఆ ఒక్కరోజుకీ సంఘమే కొందరు ప్రయాణికుల్ని ఎక్కించి పంపింది. హెడ్‌సెట్‌లోంచి మాటలు బయటికి వినబడుతున్నాయి.

"నాయనా, నాకు కిటికీ పక్కన ఇవ్వు," అంటోంది ఒక ముసలావిడ.

"కూర్చోండమ్మా, కింద నది కనబడుతుంది," అన్నాడు మా బావ. ఆయన గొంతులో ఆ హుషారు విని నెలలైంది.

లేచాడు, తిరిగాడు, నది చూపించాడు. దిగే వేళకు గుండీ తడిమి నొక్కాడు. విమానంలో దీపాలన్నీ ఆరిపోయాయి.

"కరెంటు పోయిందా బాబూ?" అంది ముసలావిడ.

మళ్ళీ నొక్కాడు. దీపాలు వెలిగాయి. చక్రాలు దిగలేదు. మా బావ వేళ్ళు గుండీ చుట్టూ తిరిగాయి. "బావా, ఇది నా గుండీ కాదు. నాది రెండు కన్నాలది. దీనికి నాలుగున్నాయి."

పక్కగదిలో కుట్టుమిషను ఆగింది. మా చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది.

"అది నేనే తీశానండీ. ఇవాళ ఇవ్వాల్సిన చొక్కాకి సరిగ్గా అదే గుండీ తక్కువైంది. ఊరికే తీసుకుంటానా, పాత జిగురంతా తడిగుడ్డతో తుడిచి ఇంకోటి అంటించాను కదా."

"ఎక్కడ అంటించావే?"

"ఉన్నచోటే," అంది. తర్వాత కీబోర్డు వంక చూసి, "ఆ దరిదాపుల్లో," అంది.

"గంతలు తీసి చూసుకోవయ్యా," అన్నాను నేను.

"తీస్తే ఆట తెగిపోతుంది బావా. అందర్నీ గాల్లోంచి బయటికి తోసేస్తుంది. తీసినా తల వంగదు, పైకప్పే కనబడుతుంది."

తోచిన కీ నొక్కిచూడటానికి లేదు. ఆ చుట్టుపక్కలే ఇంజను ఆపే కీ కూడా ఉంది. పైన గుండ్రంగా తిరగడం మొదలెట్టాడు. గంతల అంచునుంచి చెమట చెవుల్లోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను తువ్వాలుతో తుడిచాను.

"కంగారు పడకు," అన్నాను. "బ్రేకుల్లేని సైకిలు మీద నేను కొండ దిగినప్పుడు, ఎదురొచ్చిన కాకి పక్కకు తప్పుకుని దారిచ్చింది."

"మరి ఎలా ఆగారు?"

"ఆగలేదు. సైకిలే అరిగిపోయింది."

నవ్వబోయాడు. కట్టు పట్టేసింది.

"పెట్రోలు అయిపోవస్తోంది. ఏమేవ్, బాగా గుర్తుచేసుకుని చెప్పు, ఏది?"

చెల్లెలు వేలు ఒక కీ మీద పెట్టి, తీసి, పక్కదాని మీద పెట్టింది. "ఇది గానీ, ఇది గానీ."

"మొదట ఏది పెట్టావు?"

"ఇది."

నొక్కాడు. హెడ్‌సెట్‌లో హోరు ఒక్కసారిగా సగమైంది. ఇంజనొకటి ఆగింది.

"రెండోది నొక్కు మరి," అన్నాను.

"టైము లేదు బావా, పడిపోతోంది. చక్రాలు సగం దిగి తగిలితే పల్టీ కొడుతుంది." ప్రయాణికులతో మాట్లాడే గొంతు వేరుగా వచ్చింది. "అమ్మా, అందరూ గట్టిగా పట్టుకోండి. రన్‌వే మీద పొట్టతో దిగితే నిప్పు రేగుతుంది. పక్కన గడ్డి ఉంది, అందులో దింపుతాను."

ఇంట్లో కుర్చీల్లో కూర్చున్న వాళ్ళు ఏం పట్టుకున్నారో తెలియదు. నేను మాత్రం మంచం కోడు పట్టుకున్నాను. చాలాసేపు జారిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?" అన్నాడు మా బావ.

"నాకేం కాలేదు నాయనా," అంది ముసలావిడ. ఇంకెవరో చప్పట్లు కొట్టారు.

పళ్ళ డాక్టరు గొంతు వచ్చింది. "బాగా దింపారండీ, కాదనను. కానీ రన్‌వే తప్పితే పరీక్ష తప్పినట్టే. అందరికీ ఒకటే రూలు. మళ్ళీ మొదట్నుంచీ ఒంటరిగా తిరగండి, ప్రయాణికుల సంగతి తర్వాత చూద్దాం."

"సరేనండీ," అన్నాడు మా బావ.

ఒక్కొక్కరే సెలవు తీసుకున్నారు. ముసలావిడ చివర వెళ్ళింది. మా చెల్లెలు గోడకానుకుని నిలబడి కొంగుతో వేళ్ళు తుడుచుకుంటోంది, వాటికేం అంటకపోయినా.

"తీసెయ్యనా అండీ, మొహమంతా తడిసిపోయింది," అంది.

"ఉండనీ. విమానం తలుపు తీసుకుని బయటికొచ్చాను. గడ్డి మోకాలి దాకా ఉంది. కాసేపు నిలబడతాను."

కదలని కాళ్ళ వంక చూశాను. ఏదో ఒక ఎకసెక్కం నోటిదాకా వచ్చింది, మింగేశాను. లేచి మూలనున్న టేబులు ఫ్యాను మంచం వైపు తిప్పి, మీట నొక్కాను.

"గాలి మళ్ళింది," అన్నాడు మా బావ.